రెండేళ్ళ కోసం జపనీస్ బడి దండగేనా?

"రెండేళ్ళే కదా అక్కా, ఎలాగూ వెళ్ళిపోతాం. ఆ జపనీస్ బడిలో వేసి ఏం లాభం? ఇండియా వెళ్ళాక ఒక్క ముక్క గుర్తుండదట." మా బిల్డింగులోకి కొత్తగా వచ్చిన అమ్మాయి మొన్న లిఫ్టు దగ్గర అన్న మాట ఇది. కొడుక్కి ఇరవై నెలలు. భర్తని కంపెనీ రెండేళ్ళ ప్రాజెక్టు మీద టోక్యో పంపింది. ఆ సలహా ఇచ్చింది మా బిల్డింగులో సీనియర్లే. నేను వచ్చిన కొత్తలో నాకూ అదే చెప్పారు. లిఫ్టు పైకి చేరేలోపు చెప్పేంత చిన్న జవాబు నా దగ్గర లేదు, అందుకే ఇంత పెద్ద పోస్టు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎంత కొద్దికాలానికి వచ్చినా సరే, చిన్నపిల్లలున్నవాళ్ళు ఆ ఊరి పిల్లలు వెళ్ళే చోటికే తమ పిల్లల్నీ పంపాలి. భాష వస్తుందనే ఆశతో అయితే పంపొద్దు, ఆ ఆశ నిలబడదు. కొత్త ఊళ్ళో ఎలా బతకాలో తల్లిదండ్రులకి రోజూ ఓపిగ్గా చెప్పే చోటు ఇంకోటి దొరకదు కాబట్టి పంపాలి.

నిషికసాయి సుఖాలు

మేముండే నిషికసాయి గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. టోక్యోలో మనవాళ్ళు అందరికంటే ఎక్కువగా ఉండేది ఎదోగావా వార్డులో, అందులోనూ ఈ స్టేషను చుట్టుపక్కల. 2000 ప్రాంతంలో వై2కే పనికి, అంటే కొత్త శతాబ్దంలోకి మారేటప్పుడు కంప్యూటర్లలో వచ్చే తేదీల చిక్కు సరిచెయ్యడానికి, వచ్చిన ఇంజనీర్లతో మొదలైంది. ఒతెమాచి, కయాబాచో ఆఫీసులకి ఇక్కణ్ణుంచి తోజాయ్ మెట్రో లైను తిన్నగా వెళ్తుంది. ప్రభుత్వ సంస్థ అద్దెకిచ్చే యు.ఆర్. అపార్టుమెంట్లలో హామీదారుని అడగరు, తిరిగి రాని 'కీ మనీ' కట్టమనరు. విదేశీయులకి ఇల్లివ్వడానికి ఓనర్లు వెనకాడే ఊళ్ళో అది చిన్న విషయం కాదు. 1978లోనే ఇండియా నుంచి వచ్చి స్థిరపడిన టీ వ్యాపారి జగ్మోహన్ చంద్రాణీ ఆ కొత్తవాళ్ళకి ఇళ్ళ దగ్గర్నుంచి భోజనం దాకా సాయపడ్డారు. ఇక ఒకరి వెనక ఒకరు.

ఇప్పుడు కందిపప్పు, ఇడ్లీరవ్వ, ఆవకాయ సీసా అన్నీ నడిచివెళ్ళే దూరంలో దొరుకుతాయి. పార్కులో తెలుగు వినిపిస్తుంది. ఇండియన్ డేకేర్లున్నాయి, ఇండియన్ స్కూళ్ళున్నాయి. జపనీస్ ఒక్క ముక్క రాకుండా రెండేళ్ళు గడిపెయ్యొచ్చు. గడిపేసి వెళ్ళినవాళ్ళు నాకు బోలెడుమంది తెలుసు, వాళ్ళేమీ బాధపడుతూ వెళ్ళలేదు.

కానీ ఆ రెండేళ్ళు ఇంట్లో ఉన్నది ఎవరో చూడండి. భర్త పొద్దున్నే రైలెక్కుతాడు. ఆ రైలు సంగతి ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు. 2019లో ఆ లైను మీద కిబా, మొంజెన్ నకాచో స్టేషన్ల మధ్య పొద్దుటి రద్దీ రైలు పట్టేదాంట్లో 199 శాతమని ప్రభుత్వ లెక్క. స్ట్రోలరుతో ఆ టైములో ఎక్కే ధైర్యం ఎవరికుంటుంది? దాంతో తల్లీ పిల్లా ఇల్లు, పార్కు, సూపర్ మార్కెట్టు మధ్యే తిరుగుతుంటారు. అమ్మమ్మ వాళ్ళు 90 రోజుల వీసా మీద వస్తారు, వాళ్ళు విమానం ఎక్కాక నానమ్మ వాళ్ళ వంతు. ఆ మధ్య నెలల్లో వీడియో కాల్. పక్కింటి జపాన్ ఆవిడ ఎదురుపడితే నవ్వి తల వంచుతుంది, మనమూ వంచుతాం, రెండేళ్ళలో ఆ పరిచయం అంతకు మించి ముందుకి సాగదు.

గుర్తుండకపోతే ఏమైంది

'గుర్తుండదు' అనేవాళ్ళ మాట నిజం. నా ఫ్రెండు ఒకావిడ కూతుర్ని ఇక్కడ హొయికుయెన్‌లో, అంటే ఉద్యోగాలు చేసేవాళ్ళ పిల్లల్ని పగలంతా చూసుకునే జపనీస్ డేకేర్‌లో, వేసింది. ఆ పిల్ల బొమ్మలతో కూడా జపనీస్‌లోనే పోట్లాడేది. హైదరాబాదు వెళ్ళి కొండాపూర్‌లో స్కూల్లో చేరాక ఏడాది తిరిగేసరికి అంతా పోయింది. ఇక్కడి టీచరు ఫోటో చూపిస్తే ఎవరీవిడ అందట. "అంత ఏడిపించి పంపాం, చివరికి ఏం మిగిలింది చెప్పు" అని నా ఫ్రెండే ఫోన్లో అంది.

దానికి నా జవాబు ఆమెకి నచ్చలేదు, అయినా ఇక్కడా రాస్తాను. మూడేళ్ళలోపు జరిగింది ఎవరికి గుర్తుంటుంది? అన్నప్రాశన గుర్తుంటుందా? అలాగని మానేస్తున్నామా? ఇండియన్ డేకేర్‌లో నేర్చుకున్న రైమ్సూ గుర్తుండవు, ఇంట్లో యూట్యూబు ముందు గడిపిన మధ్యాహ్నాలూ గుర్తుండవు. గుర్తుండేదే చెయ్యాలనుకుంటే ఆ వయసు పిల్లలకి మనం చేసేవన్నీ దండగే. మనకి రెండేళ్ళంటే ప్రాజెక్టు ఎక్స్‌టెన్షన్ వస్తుందా రాదా అని చూస్తుండగానే అయిపోయే కాలం. ఇరవై నెలల పిల్లవాడికి వాడు ఇప్పటిదాకా బతికినదానికంటే ఎక్కువ. అందులో వాడికి తోటి పిల్లలున్నారా, ఎదురుచూసే మనిషి గుమ్మంలో ఉందా అన్నది అప్పటి సంగతే. పెద్దయ్యాక గుర్తుంటుందా లేదా అన్నదాంతో దానికి పనిలేదు.

డబ్బు దండగ అనే మాటకైతే ఇప్పుడు పెద్దగా బలం లేదు. మూడేళ్ళు దాటిన పిల్లల క్లాసులకి 2019 అక్టోబరు నుంచి దేశమంతా ఫీజు లేదు. అంతకంటే చిన్నవాళ్ళకి టోక్యోలో 2025 సెప్టెంబరు నుంచి మొదటి బిడ్డకి కూడా తీసేశారు. ఇండియన్ డేకేర్ ఫీజు కట్టేవాళ్ళు ఆ లెక్క ఒకసారి వేసుకోవచ్చు.

నోటుపుస్తకం

మా వాడిది పంతొమ్మిదిమందికి మించని చిన్న హొయికుయెన్. మూడేళ్ళలోపు వాళ్ళకే. మొదట్లో రోజుకి గంట, తర్వాత భోజనం దాకా, ఆ తర్వాత నిద్ర దాకా అంటూ మెల్లగా టైము పెంచుతారు. మా వాడు ఆ మెల్లదనానికి ఏమాత్రం లొంగలేదు, గేటు కనపడగానే మొదలుపెట్టేవాడు. బయట నిలబడి ఆ ఏడుపు వింటుంటే సీనియర్ల మాటే నిజమేమో అనిపించేది.

అసలు విషయం రెన్‌రాకుచో. ఇంటికీ బడికీ మధ్య రోజూ తిరిగే నోటుపుస్తకం అది. ఎన్నింటికి లేచాడు, జ్వరం ఎంత, రాత్రి ఏం తిన్నాడు, విరేచనం ఎలా అయింది, అన్నీ పొద్దున్నే నేను రాయాలి. సాయంత్రానికి టీచరు అవతలి సగం నింపి ఇస్తుంది. నేను ఫోన్లో అనువదించుకుని, బయటి భాషల మాటలకి జపనీస్‌లో వాడే కటకానా లిపిలో గీకినట్టు రాసేదాన్ని, 'పప్పు అన్నం' అని. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. వారం తిరగకుండా టీచరు అడిగింది, ఈ పప్పన్నం అంటే ఏమిటి, చిక్కగా ఉంటుందా పల్చగా ఉంటుందా, చెంచాతోనా చేత్తోనా అని. జవాబు రాయడానికి నాకు ఒక పూట పట్టింది. జపాన్ వచ్చాక మా ఇంటి వంట గురించి ఒక జపాన్ మనిషి అడిగిన మొదటి ప్రశ్న అదే.

ఒకరోజు ఆమె రాసింది చదివి చాలాసేపు ఆ పేజీ తిప్పలేదు. మధ్యాహ్నం పడుకునే టైములో మా వాడు పక్క పరుపు మీద ఏడుస్తున్న పిల్ల దగ్గరికి వెళ్ళి గుండె మీద మెల్లగా తడుతూ కూర్చున్నాడట. మా అమ్మ వాణ్ణి అలాగే జోకొడుతుంది. ఇక్కడి టీచర్లూ పిల్లల్ని అలా తట్టే పడుకోబెడతారు. వాడు ఎవరి దగ్గర నేర్చుకున్నాడో మాకెవరికీ తెలీదు.

ఇంత ముద్దుగా చెప్తున్నానని మోసపోకండి, చాకిరీ బోలెడుంది. ప్రతి డైపరు మీదా పేరు రాయాలి. డైపర్ల కట్ట మీద కాదు, ఒక్కో డైపరు మీద. అందుకోసం పేరు ముద్ర వేసే స్టాంపులు అమ్ముతారు! వాడేసిన డైపర్లు కూడా సాయంత్రం సంచిలో కట్టి ఇచ్చే పద్ధతి చాలాచోట్ల ఉండేది. 2023 జనవరిలో ప్రభుత్వం బడిలోనే పారెయ్యమని సూచించాక తగ్గింది. 37.5 డిగ్రీలు దాటితే ఫోను వస్తుంది, వచ్చి తీసుకెళ్ళమని. మొదటి చలికాలమంతా ముక్కు కారుతూనే ఉంది. టోక్యో 23 వార్డుల్లో వార్డు ఇచ్చే కార్డు చూపిస్తే పిల్లలకి డాక్టరు ఖర్చు ఉండదు, ఆ కార్డే లేకపోతే ఏమయ్యేదో. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఫారంలో మొదటి నంబరు మా ఆయనది రాశాం. ఫోను మాత్రం ఎప్పుడూ నాకే వచ్చేది. మొదటి నంబరుకి చెయ్యండి అని నేను మర్యాదగా చెప్పాను, వాళ్ళు మర్యాదగా విన్నారు, మళ్ళీ నాకే చేశారు.

భూకంపం సంగతి

హొయికుయెన్‌లలో నెలకొకసారైనా తప్పించుకునే డ్రిల్లు జరపాలని రూలు. నడక రాని పిల్లల్ని కూడా దూది కూరిన టోపీలు పెట్టి, నిలబెట్టి తోసే పెద్ద బండిలో ఎక్కించి బయటికి తీసుకెళ్తారు. ముట్టుకుంటే ఉండలా చుట్టుకుపోయే పురుగు ఉంటుంది చూడండి, అలా ముడుచుకోవడం నేర్పుతారు. నేను ఇదంతా ఆటలో భాగం అనుకున్నాను.

ఒక రాత్రి భోజనాల దగ్గర ఇల్లు ఊగింది. ఇక్కడివాళ్ళు తలెత్తి కూడా చూడని పాటిది. మా ఆయన ఫోను చేత్తో పట్టుకుని నిలబడిపోయారు. నేను స్టవ్ కట్టెయ్యాలా, తలుపు తియ్యాలా, పిల్లవాణ్ణి ఎత్తుకోవాలా తేల్చుకోలేక మధ్యలో ఆగిపోయాను. ఈలోపు వాడు బల్ల కిందకి దూరి, మోకాళ్ళు ముడిచి, రెండు చేతులూ మెడ వెనక పెట్టుకుని ముద్దలా పడుకున్నాడు. ఊగడం ఆగాక బయటికొచ్చి పెరుగన్నం అడిగాడు.

మర్నాడు ఆ సంగతి నోటుపుస్తకంలో రాస్తే, టీచరు సాయంత్రం గుమ్మం దగ్గర నన్ను ఆపింది. బీరువా గోడకి బిగించారా, ఎమర్జెన్సీ బ్యాగు ఉందా, అందులో వాడికి డైపర్లూ తినేవీ పెట్టారా అని ఒక్కొక్కటీ అడిగింది. వార్డు ఆఫీసు వేసిన వరద మ్యాపు తెచ్చి చేతిలో పెట్టింది. మా ఎదోగావా వార్డులో సుమారు 70 శాతం నేల సముద్రపు పోటు మట్టానికి దిగువన ఉంటుంది. 2019లో వార్డు వేసిన ఆ మ్యాపు అట్ట మీదే 'ఇక్కడ ఉండకూడదు' అని ఉంటుంది. పెద్ద వరద వస్తుందంటే ముందే వార్డు దాటి వెళ్ళిపొమ్మని దానర్థం. అదే ఏడాది అక్టోబరులో హగిబిస్ తుఫాను వచ్చింది కూడా. ఇంతమంది మనవాళ్ళం ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాం కదా, పప్పు ఏ కొట్లో చవకో నాకు పదిమంది చెప్పారు. ఈ సంగతి చెప్పింది మాత్రం ఆ టీచరే.

అత్తయ్య ప్రశ్నలు

ఎదురు వాదనల్లో గట్టివి మా అత్తయ్య దగ్గర ఉన్నాయి. ఆవిడ రాజమండ్రిలో ముప్పై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, తేలిగ్గా వదలరు.

మొదటిది బురద. "రోజూ బురద పూసుకుని వస్తున్నాడు, ఏ, బీ, సీ, డీ ఒక్కటీ రాలేదు, ఏం బడే అది?" అని. అక్షరాలు నేర్పని మాట నిజమే. బట్టలు తనే విప్పుకోవడం, చెప్పులు జత కలిపి పెట్టడం, తిన్న పళ్ళెం తీసుకెళ్ళి ఇవ్వడం, మట్టిలో ఆడటం, అంతే. తిరిగి వెళ్ళాక హైదరాబాదులో స్కూలు సీటుకి పిల్లవాణ్ణి కూర్చోబెట్టి రంగులు చెప్పమంటారు, ఆకారాలు చెప్పమంటారు. మా వాడు జపనీస్‌లో చెప్తాడు లేదా మొహం తిప్పుకుంటాడు. ఆ టెన్షన్ నాకు లేదని అనను. కానీ రెండున్నరేళ్ళ పిల్లవాణ్ణి ఇంటర్వ్యూ చేసే స్కూలు కోసం వాడి రోజుల్ని ఇప్పట్నుంచే దిద్దడం నాకు ఒప్పుదల కాదు. అత్తయ్యకి ఈ జవాబు సగమే నచ్చింది.

రెండోది తెలుగు. ఇది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఇండియాకీ ఇక్కడికీ మూడున్నర గంటల తేడా. వాడు బడి నుంచి వచ్చి హుషారుగా ఉండే టైముకి అక్కడ మధ్యాహ్నం కునుకు వేళ. వాళ్ళు టీ తాగి ఫోను చేసేసరికి వీడికి నిద్ర ముంచుకొస్తుంది. ఏం అడిగినా 'ఇయా, ఇయా' అంటాడు, అంటే వద్దు వద్దని. అత్తయ్య కంగారుగా "ఏం ఇయ్యమంటున్నాడే, ఇవ్వరాదూ" అనేవారు. నవ్వొచ్చినా, ఆవిడ మొహంలో మనవడు చేజారిపోతున్నాడన్న దిగులు కనపడేది. అందుకని మేం ఇంట్లో జపనీస్ అస్సలు మాట్లాడం. ఎలాగూ మాకు రాదనుకోండి. ఇండియన్ డేకేర్‌లో వేస్తే తెలుగు నిలబడేదా అంటే, అక్కడ నడిచేది ఇంగ్లీషూ హిందీనూ. తెలుగు బాధ్యత ఎక్కడ వేసినా ఇంటిదే. ఈ విషయంలో రెండు వైపులా లాభనష్టాలు సమానమనే అనుకుంటున్నాను.

మూడోది తిండి, దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. మేం గొడ్డుమాంసం, పందిమాంసం తప్ప మిగతావి తింటాం. నెల మొదట్లో మెనూ కాగితం వస్తుంది, వంట చూసుకునే ఆవిడ నాతో కూర్చుని ఆ రెండూ ఉన్న రోజుల మీద మార్కరుతో గీతలు పెడుతుంది. ఆ రోజు వాడికి చేపో గుడ్డో. కానీ శుద్ధ శాకాహారులకి ఇది కుదరదు. కూర ఏదైనా, సూపు ఏదైనా దానికి ఎండు చేపతో కాచిన దాషి నీళ్ళే ఆధారం. అది తీసేస్తే వంటే లేదు. కొన్నిచోట్ల డబ్బా తెచ్చుకోనిస్తారు, కొన్నిచోట్ల ఒప్పుకోరు. పదిమంది పిల్లలు ఒకటి తింటుంటే మన పిల్లవాడొక్కడే వేరే డబ్బా విప్పుకోవడం ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి. ఇండియన్ డేకేర్‌లో వేస్తామని శాకాహార కుటుంబం అంటే నేను వాదించను.

సీటు ఎవరికి దొరుకుతుంది

ఇంతా చెప్పాక అసలు అడ్డంకి చెప్పకపోతే అన్యాయం. హొయికుయెన్ సీటు మామూలుగా అమ్మా నాన్నా ఇద్దరూ పని చేస్తుంటేనే. ఎవరికి ఎంత అవసరమో వార్డు ఆఫీసువాళ్ళు పాయింట్లు లెక్కేసి ఇస్తారు. ఒకప్పుడు ఇక్కడివాళ్ళకే దొరికేది కాదు. 2016లో పిల్లకి సీటు రాని ఒకరు పేరు లేకుండా కోపంగా రాసిన బ్లాగు పోస్టు పార్లమెంటులో చర్చకి వచ్చింది. 2017లో సీటు కోసం వెయిటింగులో ఉన్న పిల్లలు దేశంలో 26 వేల పైచిలుకు. 2024కి ఆ సంఖ్య 2,567కి దిగింది. పిల్లలు తక్కువ పుడుతుండటం, బడులు ఎక్కువ కట్టడం రెండూ కారణాలే. చిన్న హొయికుయెన్‌లలో ఏడాది మధ్యలో కూడా ఖాళీలు కనపడుతున్నాయి.

డిపెండెంట్ వీసా మీద వచ్చిన భార్య, పర్మిషను తీసుకుని, వారానికి 28 గంటల దాకా పని చెయ్యొచ్చు. నేను పిల్లలకి ఇంగ్లీషు చెప్పే పార్ట్‌టైము పట్టుకున్నాను. హైదరాబాదులో చేసిన ఉద్యోగంతో పోలిస్తే జీతం నవ్వులాట. 28 గంటలకి పాయింట్లూ తక్కువే వస్తాయి, మొదటిసారి సీటు రాలేదు. ఉద్యోగం ఉంటేనే సీటు, పిల్లని ఎక్కడో ఉంచితేనే ఉద్యోగం, ఈ ముడి విప్పడానికి మా అమ్మ 90 రోజులు పనికొచ్చాయి. ఇంట్లో సాయానికని కాకుండా ఇలా ఉద్యోగం వెతుక్కోవడానికి ఆ 90 రోజుల్ని వాడుకోమని కొత్తవాళ్ళకి గట్టిగా చెప్తాను.

ఉద్యోగం దొరకనివాళ్ళకి వార్డు నడిపే కొసొదాతె హిరోబాలున్నాయి. ఉచితం, పిల్లతో వెళ్ళి కూర్చుని ఆడించుకోవచ్చు. 2026 ఏప్రిల్ నుంచి దేశమంతటా ఇంకో కొత్త పద్ధతి అమలు. ఆరు నెలల నుంచి మూడేళ్ళలోపు పిల్లల్ని, తల్లి ఉద్యోగంతో పనిలేకుండా, నెలకి పది గంటల దాకా డేకేర్‌లో ఉంచొచ్చు. పది గంటలు ఏ మూలకీ రావు, నిజమే. కాని కొత్తగా వచ్చిన తల్లికి ఒక టీచరుతో ముఖపరిచయం కావడానికి చాలు.

లిఫ్టు దగ్గర ఆ అమ్మాయికి వచ్చే ఏప్రిల్ సీట్లకి దరఖాస్తులు చలికాలంలోనే మూసేస్తారని మాత్రం చెప్పగలిగాను. ఇండియా టీకాల కార్డు తెచ్చిందో లేదో కూడా అడిగాను, తెచ్చిందట.

మా ఆయన ఈ పోస్టు చదివి, "ఆ బడి వాడికంటే నీకే ఎక్కువ కావాలి, ఆ మాట రాయలేదేం?" అన్నారు. కావాలి. పొద్దున తొమ్మిది నుంచి నాలుగు దాకా నాకూ ఈ ఊళ్ళో ఒక పని, పేరు పెట్టి పిలిచే నలుగురు మనుషులు కావాలి. రెండేళ్ళ ప్రాజెక్టు ఆయనకి వచ్చింది కాబట్టి ఆ రెండేళ్ళూ నేను పార్కులో కూర్చోవాలని రూలు ఎక్కడుందో ఆయన ఇంకా చూపించలేదు. ఈ వారం జ్వరం ఫోను మాత్రం ఆయనకే వచ్చింది.